ముందు చక్రం పుల్ల

నా కుడి చూపుడువేలి మీద, గోటికి పక్కగా, ఒక తెల్లటి మచ్చ ఉంది. అది సరిహద్దులో తగిలిన గాయమని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పాను. ఆ రోజు నుంచి అతను నాకోసం లిఫ్టు తలుపు పట్టుకుంటున్నాడు. కింది వాటా పిల్లలకి పులి కరిచిందన్నాను. బ్యాంకులో ఒకావిడ అడిగితే "పరిశోధనలో" అని ఒక్క మాట అని ఊరుకున్నాను. తార్నాకలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు, ఎటు తిరిగినా ఏదో ఒక పరిశోధనా సంస్థ గోడే కదా.

నిజం చెబుతాను. నన్ను కొట్టింది జానెడు కట్టె ప్రొపెల్లరు. విమానానిదే. అంటే, బొమ్మ విమానానిది.

ఈ మచ్చ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న లాలాగూడ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, ఆయన పోయి నెల అయితున్నది. ఆదివారం ఇంటికాడ ప్రార్థన పెట్టుకున్నం. నువ్వు రెండు మాటలు చెప్పాలె," అంది ఆయన భార్య. కాస్త ఆగి, "రెండే," అంది.

ఆమెకి నా సంగతి తెలుసు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఆయన పెట్టిన షరతు. ఎప్పుడు పెట్టాడో ఈ కథలోనే వస్తుంది.

మాకు స్నేహం కలిసింది యూనివర్సిటీలో. ఇద్దరం అక్కడ ప్రొఫెసర్లమని కొత్తవాళ్లు అనుకుంటే నేను దిద్దేవాణ్ణి కాదు. నేను ఇంజనీరింగ్ కాలేజీ స్టోర్సులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. యూనివర్సిటీలో కలిశామంటే పొద్దున నడకలో కలిశాం. లోపల చెట్ల కింద ఒక సిమెంటు బెంచీ మాది. నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి, ఆయన నన్ను స్టోర్ సార్ అనేవాడు. రిటైరై పదిహేనేళ్లయినా నా ఉద్యోగం ఊడనివ్వని మనిషి ఆయన ఒక్కడే.

నడుస్తుంటే ఏదో పారేసుకున్నవాడిలా ఉండేవాడు. తల వంచుకుని, కళ్లు రోడ్డుకి అతికించి. లాలాగూడలో ఇంటి నుంచి మా బెంచీ దాకా వచ్చేసరికి జేబురుమాలులో నాలుగు నట్లు, రెండు వాషర్లు, ఓ స్ప్రింగు ముక్క మూటకట్టి ఉండేవి. బెంచీ మీద మూట విప్పి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

"ఇది ఆటోది. సైలెన్సర్ కాడ ఊడింది. వానికింక ఎర్క లేదు పాపం."

"ఇదో?"

"బస్సు సీటుది. ఎవడో బరువోడు కూసున్నడు."

నేను నవ్వితే, "నవ్వకు స్టోర్ సార్. రేపు నీ స్కూటర్ది దొరుకుతది," అనేవాడు. ఒకసారి నిజంగానే దొరికింది.

వర్క్‌షాపు సుత్తులు ఆయన ఎడమ చెవిని సర్వీసులో ఉండగానే పట్టుకుపోయాయి. అందుకని ఇంజన్లని చెవితో వినేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని తన దవడ ఎముకకి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. బెంచీవాళ్ల స్కూటర్లన్నీ ఆ దవడ దగ్గర పరీక్ష రాసినవే. ఇంజను బాగుందంటే ఒకటే మాట: "దమ్మున్నది." ప్రొపెల్లరో కిక్కో తిప్పినప్పుడు సిలిండర్లో గాలి చేతికి ఎదురు తిరిగితే దమ్మున్నట్టు. టీ బాగున్నా దమ్మున్నదే. పాస్టరుగారి ప్రసంగం బాగున్నా దమ్మున్నదే. నా గురించి ఒకరోజు బెంచీ మీద అందరూ ఉండగా అన్నాడు: "స్టోర్ సార్ల దమ్ము తక్కువ. గాలి ఎక్కువ."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇంటికెళ్లాక మాత్రం టిఫిను సహించలేదు.

ఇక ఇంజను. పిడికిట్లో పట్టేంత వస్తువు, ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో కాగితాలు ఎగిరిపోకుండా కూర్చుంది. స్టోర్సులో పనికిరాని సామాను ఏరేస్తుంటే ఒక తుప్పు డబ్బా అడుగున కనిపించింది. దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద నాకు ముందు పనిచేసిన మహానుభావుడెవరో రాసి పెట్టాడు: "చిన్న పంపు. పనిచేయదు." మా ప్రిన్సిపాలుగారు నా సేవలకి గుర్తుగా దాన్ని స్వయంగా నా చేతిలో పెట్టారు. కాదు, నేనే సంచిలో వేసుకున్నాను. వారం రోజులు నిద్రపట్టక వెళ్లి అడిగితే, ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా "తీస్కపోవయ్యా" అన్నారు. అది పంపు కాదు, బొమ్మ విమానం ఇంజనని కనిపెట్టింది నేనే. అంటే, మా బావమరిది చెప్పగా నేను ఒప్పుకున్నాను.

అక్కడి నుంచి కథ దానంతటదే పెరిగింది. నేను చదువుకునే రోజుల్లో క్యాంపస్ గ్రౌండులో ఎగరేసిన విమానానిదయింది. ఆ విమానానికి పోటీలో కప్పు వచ్చింది. కప్పు ఏదని మా ఆవిడ అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాను. "మనం ఇల్లు మారిందెప్పుడు?" అని ఆవిడ అడగబట్టి కథ అక్కడ ఆగింది.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మూడో అంతస్తు మేడం ఏదో సంతకానికి మా ఇంటికి వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెబుతారావిడ. కాగితాల మీద ఇంజను చూసి సంతకం సంగతి మరిచిపోయారు.

"అంకుల్! ఇది ప్లగ్గుతో నడిచే గ్లో ఇంజనా, డీజిలా?"

"రెండూ," అన్నాను.

ఆవిడ నన్ను ఒకసారి చూసి, పెద్దవాణ్ణి కదా అని వదిలేశారు. కప్పు కథ వరకూ విని, "వచ్చే నెల మా ఓపెన్ డే అంకుల్. స్టూడెంట్స్ ముందు మీ చేతుల్తో మీ ఇంజన్ మళ్లీ నడిపితే ఎంత బాగుంటుంది! నడుస్తుందా?" అన్నారు.

"నడవడమేంటమ్మా. రెండు తిప్పులు. మైకు ఒకటి పెట్టించండి."

మైకు అడిగింది నేనే. గుర్తుపెట్టుకోండి.

మూడు రోజుల్లో కాలేజీ నోటీసు బోర్డు మీద నా పేరు ఎక్కింది. "యాభై ఏళ్ల తరవాత అదే గ్రౌండులో, అదే ఇంజను, అదే చెయ్యి." నేను ముప్పై ఏళ్లు జీతం తీసుకున్న చోట, నన్ను ఎరిగిన అటెండర్లూ లెక్చరర్లూ తిరిగే చోట. ఆ రాత్రి ఇంజను తిప్పబోతే ఇరుసు వెంట్రుకవాసి కదల్లేదు. పటకారు పెట్టాను. కదల్లేదు. "రెండు తిప్పులన్నారుగా," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మర్నాడు దాన్ని రుమాలులో చుట్టి బెంచీ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ఏ ఇనుప ముక్కనైనా ముందు వాసన చూస్తాడని చెప్పానుగా. ఆ రోజు చూడలేదు. ఇంజను నెత్తిన ఒక మర ఉంది. దాన్ని తిప్పుకోవడానికి అడ్డంగా గుచ్చిన సన్నటి ఉక్కు పుల్ల, రెండు కొసలూ చిన్నగా వంచి. ఆ పుల్లని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు.

ఆ మౌనం నాకు నచ్చలేదు. మౌనం కనిపిస్తే నింపడం నా అలవాటు. "అదా! అసలుది విరిగిపోతే నేనే సైకిల్ స్పోక్ పుల్ల కోసి పెట్టిన ఉస్తాద్. చదువుకునేటప్పుడు," అన్నాను. సైకిలు పుల్ల అని గుర్తుపట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"ఏ సైకిల్ది?"

"నాదే."

"ముంగటి చక్రందా, ఎనక చక్రందా?"

ఎవరైనా అలా అడుగుతారా? "ఎనకది," అన్నాను.

"ఎనకదేనా?"

"ఎనకదే."

"అట్లనా. మంచిది," అన్నాడు. అప్పుడు ఇంజను ముక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఆముదం. ఎండి జిగురైంది. అరిగిపోయి ఆగలే సార్, అతుక్కపోయి ఆగింది. పటకారు పెట్టినవా?"

"ఛ. లేదు."

ఇరుసు మీద పళ్లు పడ్డ గీత చూపించాడు. "మరి ఎలక కొరికిందా?"

ఆ తరవాత వారం పాటు దాని జాతకం చదివాడు. తొందరే లేదు. ఒకరోజు నెత్తి చూపించాడు. "ప్లగ్గు పెట్టే బొక్క లేదు జూడు. ప్లగ్గు లేకుంటే నిప్పేడికెల్లి వస్తది? గాలిని పిసికితే వస్తది. ఈ పుల్ల తిప్పితే లోపల ముద్ద కిందికి దిగుతది, గాలికి జాగ ఉండది, కాకెక్కుతది, అంటుకుంటది. డీజిల్ ఇది. మేడంకి రెండూ అని చెప్పినవంట గద?" ఇంకోరోజు రుమాలు మూటలోని నట్లు ఒక్కొక్కటే ఇరుసుకి ఎక్కించి చూశాడు. ఏదీ సగం చుట్టు దాటలేదు. ఇంటి నుంచి తెచ్చిన పాత డబ్బాలోది ఒకటి మాత్రం వెన్నలా ఎక్కింది. "విలాయతీ చూడీ," అన్నాడు. మరకి ఉండే సుళ్లని ఫిట్టర్లు చూడీలంటారు. "ఇంగ్లీషోళ్ల చూడీ ఇది. ఇప్పుడు ఎవడు కోస్తలేడు." మేడం దగ్గర వెర్నియర్ కొలబద్ద అడిగి తెప్పించి, ఇంజను మూతలు విప్పి సిలిండరు వెడల్పూ, పిస్టనుని తోసే క్రాంకు కొలతా చూసి, అరచేతిలో పెన్నుతో లెక్క వేశాడు. ఒకటిన్నర సీసీ.

"కంపెనీ పేరేంటో?" అన్నాను. పక్కన పేరు ఉండాల్సిన చోట ఎవరో ఆకురాయితో అరగదీశారు.

"విమానంల పట్టక అరగదీసిన్రు. పేరెందుకు? గుణం తెల్సింది గద."

విమానంలో పట్టలేదని ఆయనకెలా తెలుసని నేను అడగాల్సింది. అడగలేదు. నా దృష్టంతా నోటీసు బోర్డు మీద ఉంది.

కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టాక, ఓ మధ్యాహ్నం నన్ను ఇంటికి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి వంటింట్లో గొడవ జరుగుతోంది.

"ఇడ్లీ గిన్నెల ఇంజన్ పెడతవా? రేపు పాస్టరమ్మ వస్తున్నది. ఆమెకు గా గిన్నెలనే ఇడ్లీలు పెట్టాల్నా?"

"పెట్టు. దమ్ముంటయి."

"చూసినవా అన్నా! పెండ్లైన కాడికెల్లి గిదే కత," అంది ఆమె నాతో. అంటూనే పొయ్యి వెలిగించింది.

పావుగంట ఆవిరి పట్టాక గుడ్డతో బయటికి తీశాడు. ఇరుసుకి కట్టె ప్రొపెల్లరు బిగించి, రెండు అరచేతులూ దానిమీద పెట్టాడు. తిప్పలేదు. ఊరికే ఆనించి ఉంచాడు, జ్వరం చూస్తున్నట్టు. "జోర్ నై, జోర్ నై," అని ఇంజనుతోనే అంటున్నాడు, బలవంతమేం లేదన్నట్టు. చాలాసేపటికి ఒక వెంట్రుకవాసి. తరవాత ఇంకో వెంట్రుకవాసి. నల్లటి జిగురు సన్నగా బయటికి ఉబికింది. ఆ తరవాత ఒక్కసారి ప్రొపెల్లరు పూర్తిగా తిరిగి, పైకి వచ్చేచోట ఎదురు కొట్టింది.

"దమ్మున్నది," అన్నాడు. ఆ మాట ఎప్పుడూ గట్టిగా అనే మనిషి, ఆ రోజు ఇంజనుకి మాత్రమే వినిపించేలా అన్నాడు.

అప్పుడే నాకు నడిపే పద్ధతి చెప్పాడు. ఇందులో పోసేది ఈథరు, కిరసనాయిలు, ఆముదం సమపాళ్లు. ఈథరు మేడం ఓపెన్ డే నాడే తెస్తానన్నారు కాబట్టి ముందుగా నడిపి చూసుకునే వీలు లేదు. అంతా మాటల్లోనే.

"మొదాల పుల్ల తిప్పి దమ్ము ఎక్కియ్యాలె. ఎక్కియ్యకుంటే అంటుకోదు. కొడుతుంటె కొడుతుంటె ఒక్కసారి పట్టుకుంటది. పట్టుకోంగనే ఎనకకు దించాలె, ఇట్ల." బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో పావు చుట్టు వెనక్కి తిప్పాడు. "ఎక్కిచ్చుడు తప్పు కాదు సార్. అంటుకున్నంక దించకుంటెనే తప్పు. లోపల రాడ్డు వంగుతది."

నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను. ఇంజను గురించే అనుకున్నాను.

ఇంజనుకి పుయ్యడానికి నూనె తెస్తానని ఆయన పెరట్లోకి వెళ్లాడు. నేను టీ తాగుతూ గోడకి ఆనించి ఉన్న పాత సైకిల్ని చూస్తున్నాను. తుడిచి తుడిచి నల్లరంగు బూడిద రంగయింది. ఊసుపోక ముందు చక్రం పుల్లలు లెక్కపెట్టాను. స్టోర్సువాడికి లెక్కపెట్టడం రోగం. ముప్పై ఒకటి. మళ్లీ పెట్టాను. ముప్పై ఒకటే. ముందు చక్రానికి ముప్పై రెండుంటాయి. ఒక చోట రిమ్ములో బొక్క ఖాళీగా ఉంది.

"చెల్లె, ఒక పుల్ల ఊడినట్టున్నదే."

"ఊడలే అన్నా, ఇచ్చిండు. మా పెండ్లికి ముందు. అప్పుడీయన అప్రెంటిస్. డ్యూటీ దిగి మీ యూనివర్సిటీ గ్రౌండుకు పోయేటోడంట. ఆడ కాలేజీ పోరగాండ్లు తీగల్తోని బొమ్మ ఇమానాలు ఎగిరేస్తుండిరి. ఇంజన్లు స్టార్ట్ కాకుంటే ఈయననే పిలిచేటోళ్లు. ఒక ఇంజన్ పుల్ల ఇరిగితే సైకిల్ది కోసిచ్చిండంట. కొత్తది ఏసుకో అంటే ఏసుకోడు. ఉండనీ, గది ఏడనో తిరుగుతున్నది అంటడు."

టీ గ్లాసు కింద పెట్టి ఆ ఖాళీ బొక్కని మళ్లీ చూశాను. ముంగటి చక్రందా, ఎనక చక్రందా?

ఆయన నూనె డబ్బాతో వచ్చాడు. చిన్న ఈకతో ఇంజనుకి నూనె రాస్తూ కూర్చున్నాడు.

లాలాగూడ నుంచి తార్నాక దాకా నడిచే వచ్చాను. ఆటోవాళ్లు ఆపి అడిగినా ఎక్కలేదు. చెబితే నోటీసు బోర్డు మీద నా పేరు ఏమవుతుంది? చెప్పకపోతే ఆయన ఏమనుకుంటాడు? ఆయన అనుకోవాల్సింది మొదటి రోజే అనుకున్నాడు కదా. అన్నీ తెలిసి, నా అబద్ధం నిలబడడానికే దాన్ని ఆవిరి పట్టి కదిలించి నా చేతిలో పెట్టాడు. ఒక్క ప్రశ్న అడిగాడు, అంతే. రెండోసారి అడిగి వదిలేశాడు.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు బెంచీ మీద జనం ఉన్నారు. ఆ మర్నాడు జనం లేరు, నాకు ధైర్యం లేదు. అలా ఓపెన్ డే వచ్చేసింది.

ముందు రోజు తార్నాకలో మందుల షాపుకెళ్లి మూడు సీసాల ఆముదం అడిగాను. షాపతను సీసాలవైపూ నావైపూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, ఒక్క చెంచా చాలు." విమానానికి అన్నాను. "ఏదైనా గానీ," అన్నాడు, "ఇంటికాడనే ఉండు."

గ్రౌండు పక్కన కాలేజీ వర్క్‌షాపు ముందు బల్ల. బల్లకి బిగించిన కట్టె దిమ్మ. దిమ్మ మీద ఇంజను. వెయ్యిమంది జనం. సరే, అరవైమంది; అందులో పదిమంది సమోసాల కోసం వచ్చినవాళ్లు. నా పాత అటెండర్లు ఇద్దరు ముందు వరుసలో. మేడం నా చొక్కాకి మైకు తగిలించారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని బల్లకి ఆ పక్కన, వినపడని ఎడమ చెవి నావైపు ఉండేలా నిలబడ్డాడు. కావాలనే నిలబడ్డాడని ఇప్పటికీ నా అనుమానం.

"ఇదే గ్రౌండులో," అని మొదలుపెట్టాను, "యాభై ఏళ్ల కిందట..." నోరు దాని పని అది చేసుకుపోయింది. గాలి ఎటు వీచిందో, విమానం ఎంత ఎత్తుకి లేచిందో. కప్పు దగ్గరికి వచ్చేసరికి ఆయన నావైపు చూడకుండా పొగ పోయే సందులో ఆ మూడూ కలిపిన నూనె రెండు చుక్కలు వేసి, "తిప్పు సార్," అన్నాడు.

పుల్ల తిప్పి దమ్ము ఎక్కించాను. ప్రొపెల్లరు కొట్టాను. టప్ మని ఊరుకుంది. మళ్లీ. మళ్లీ. పదిసార్లు, ఇరవైసార్లు. కొట్టిన ప్రతిసారీ కంగారులో పుల్ల ఇంకాస్త ఎక్కించాను. కట్టెముక్కతో కొట్టమని ఆయన ముందే చెప్పాడు. అరవైమంది ముందు కట్టెముక్క నామోషీ అనిపించి వేలు పెట్టాను. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నింది. వేలు చీలి నెత్తురు బల్ల మీద పడింది.

"వదిలేయండి అంకుల్, ప్లీజ్," అన్నారు మేడం.

ఆయన నా వేలికి తన రుమాలు చుట్టాడు. నట్ల వాసన. "ఎక్కువెక్కింది సార్," అన్నాడు. "దించు." బొటనవేలూ చూపుడువేలూ కలిపి, పావు చుట్టు వెనక్కి.

నేను పుల్ల పట్టుకున్నాను. సన్నగా, చల్లగా ఉంది. పావు చుట్టు దించాను.

"ఈ పుల్ల నాది కాదు," అన్నాను.

ఆయన వినపడని చెవి ఇటు ఉందన్నానుగా. "ఏంది?" అన్నాడు.

"ఈ పుల్ల నాది కాదు ఉస్తాద్!"

"ఏమంటున్నవో ఇనవడ్తలే!"

"పుల్ల నీది!" అని అరిచాను. చొక్కాకి మైకు ఉందన్న సంగతి అప్పుడు గుర్తులేదు. "నీ సైకిల్ది! ముంగటి చక్రంది! నేను జిందగీల ఇమానం ఎగిరెయ్యలే!"

అది వర్క్‌షాపు గోడకి కొట్టుకుని, లైబ్రరీ దాకా వెళ్లి తిరిగొచ్చింది. మా అటెండర్లలో ఒకడు నోట్లో సమోసా అలాగే పెట్టుకుని ఉండిపోయాడు. మేడం ముఖంవైపు నేను చూడలేదు.

ఆయన మాత్రం మెల్లగా మంచి చెవి నావైపు తిప్పాడు. "నాకెర్కనే గద," అన్నాడు. "కొట్టు సార్, ఇంజన్ సల్లగైతది."

కట్టెముక్కతో కొట్టాను. పట్టుకుంది.

ఆ చప్పుడు ఎలా రాయను? అంత చిన్న వస్తువు గొంతు అంత పెద్దదని ఎవరూ అనుకోలేదు. ఈథరూ ఆముదం కలిసిన తియ్యటి ఘాటు పొగ ముఖానికి కొట్టింది. సమోసాలవాళ్లు కూడా ముందుకొచ్చారు. ఆయన స్క్రూడ్రైవరు దిమ్మకి ఆనించి, పిడి దవడకి పెట్టి, కళ్లు మూసుకున్నాడు. మూసుకునే, ఒక చెయ్యి పైకెత్తి నాకు సైగ చేశాడు. ఇంకో పావు. దించాను. చప్పుడు నున్నగా అయింది. డబ్బాలో నూనె అయిపోయేదాకా ఎవరం కదల్లేదు.

తరవాత టీ దగ్గర అన్నాడు: "గప్పుడు స్టార్ట్ చేసి ఇచ్చేటోణ్ణి. ఇమానం పట్టుకుని ఉరికేటోణ్ణి. దాని గొంతు నిలబడి ఇన్నది ఇయ్యాలనే." రుమాలు చుట్టిన నా వేలు చూసి, చూడ్డానికొచ్చిన మా బెంచీవాళ్లందరూ వినేలా, "స్టోర్ సార్ల దమ్మున్నది. ఇన్నేండ్లు అతుక్కపోయి ఆగింది, గంతే," అన్నాడు.

నేను చాలా బిరుదులు పొందాను. నాకు నేను ఇచ్చుకున్నవి తీసేస్తే మిగిలేది అదొక్కటే.

మేడం మంచి మనిషి. వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఎనిమిదో రోజు వచ్చి ఇంజను కాలేజీ అద్దాల బీరువాలో పెడతామన్నారు. కొత్త అట్టముక్క మీద ఉస్తాద్ పేరు నేను రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇంజన్ పేరే అరిగింది, నా పేరెందుకు? ఏ పుల్లనో గది రాయి." పాత అట్టముక్క తియ్యవద్దనీ, ఆయన పేరు ఎక్కడా రాయొద్దనీ షరతు. ఇప్పుడు అక్కడికెళితే కనిపిస్తాయి, ఒకదాని పక్కన ఒకటి. "చిన్న పంపు. పనిచేయదు." దాని పక్కన, నా చేతిరాతలో: "ఒకటిన్నర సీసీ డీజిల్ ఇంజను. పనిచేస్తుంది. పుల్ల: ముందు చక్రానిది." చదివినవాళ్లకి ఏమీ అర్థం కాదు. ఒకసారి నేను కొత్త స్పోకు కొని లాలాగూడ తీసుకెళ్తే, ఆయన దాన్ని వాసన చూసి నా జేబులోనే పెట్టాడు. ఆ బొక్క అలాగే ఉంది.

ఆ రోజు నుంచి నేను గొప్పలకి పోయినప్పుడల్లా ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 'దించు' అన్నట్టు వేళ్లు వెనక్కి తిప్పేవాళ్లు. ఆమె పప్పు గరిటె పట్టుకుని కూడా తిప్పేది. నేను దించుకునేవాణ్ణి. నన్ను ఎప్పుడూ ఎక్కవద్దనలేదు వాళ్లు. అందుకే ఆ గుమ్మం ఎక్కగలిగాను.

ఆదివారం వాళ్ల వాకిట్లో షామియానా వేశారు. ముప్పై కుర్చీలు. గోడకి సైకిలు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను పిలిచారు. మైకు లేదు. లేచాను.

"ఈ పట్టాల మీద నడిచిన ప్రతి ఇంజనూ ఆయన చెయ్యి తగిలే బయటికొచ్చింది," అని మొదలుపెట్టాను. "పెద్ద పెద్ద ఇంజనీర్లు ఢిల్లీకెల్లి వచ్చి, ఈ వాకిట్ల నిలబడి..."

ముందు వరుసలో ఆమె, తెల్ల కొంగు తలమీద, కళ్లనిండా నీళ్లు. ఒళ్లోంచి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, పావు చుట్టు వెనక్కి తిరిగాయి.

ఆగాను.

"ఢిల్లీకెల్లి ఎవ్వరూ రాలే," అన్నాను. "నేనొచ్చిన. ఆయన చేసిన పుల్లను నేను చేసిన అని ఆయనకే చెప్పిన. అది ముంగటి చక్రంది. నేను ఎనకది అన్న. ఆయన మంచిది అని, ఇంజన్ బాగు చేసి నా చేతికిచ్చిండు."

కూర్చున్నాను. ఆమె చెయ్యి ఒళ్లోకి దిగింది. ఇంక తిప్పలేదు.